పాత స్టీరియో అయినా, కొత్తదైనా: ఫోన్‌లోని పాట కారు స్పీకర్లలో శుభ్రంగా వినిపించాలంటే

కారులో పాటలు సరిగ్గా వినిపించడం లేదని ఎవరైనా అంటే చాలామంది ముందు స్పీకర్లని, తర్వాత స్టీరియోని అనుమానిస్తారు. ఎక్కువసార్లు తప్పు ఆ రెండింటిలోనూ ఉండదు. ఫోన్ నుంచి స్టీరియోకి సౌండ్ వచ్చే దారిలో ఎక్కడో ఒకచోట అది బలహీనపడుతుంది, లేదా మోతాదు మించి పగిలిపోతుంది, లేదా మధ్యలో ఇంజిన్ కరెంటు గోల కలుస్తుంది. ఆ దారిని సరిచేస్తే ఉన్న సిస్టమే హాయిగా పలుకుతుంది. కొత్తది కొనే ఆలోచన ఆ తర్వాత చేయొచ్చు.

ఇందులో చెప్పిన పనులన్నీ బండి ఆపి ఉన్నప్పుడే చేయండి. ఏ వైరైనా గేరు రాడ్డుకి, పెడల్స్‌కి, స్టీరింగ్‌కి అడ్డు రాకుండా చూసుకోండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న చోట ఏదీ అతికించకండి, వేలాడదీయకండి.

ముందు స్టీరియోలో ఏముందో చూడండి

స్టీరియో ముఖం మీద మాత్రమే వెతికి వదిలేయకండి. ఆక్స్ రంధ్రం (ఫోన్ లాంటి బయటి పరికరం సౌండ్‌ని వైరుతో తీసుకునేది), యూఎస్‌బీ పోర్టు చాలా కార్లలో గ్లవ్ బాక్స్ లోపలో, సీట్ల మధ్య ఆర్మ్‌రెస్ట్ కిందో, గేరు ముందున్న చిన్న అరలోనో ఉంటాయి. తర్వాత సోర్స్ లేదా మోడ్ అని రాసి ఉన్న బటన్‌ని ఒక్కొక్కసారి నొక్కుతూ స్క్రీన్ మీద ఏ పేర్లు వస్తున్నాయో గమనించండి. రేడియో, సీడీ మాత్రమే తిరుగుతుంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆక్స్ ఆఫ్ చేసి ఉందేమో చూడండి. కొన్ని స్టీరియోల్లో దాన్ని ఆన్ చేస్తే తప్ప జాబితాలో కనిపించదు. ఆక్స్ పేరు వస్తోంది కానీ రంధ్రం ఎక్కడా లేదంటే, ఆ ఇన్‌పుట్ స్టీరియో వెనక వైపు ఉండవచ్చు. మీ మోడల్ మాన్యువల్ చూస్తే తేలిపోతుంది.

యూఎస్‌బీ పోర్టు ఉన్నంత మాత్రాన అది పాటల కోసమే అనుకోవద్దు. పక్కన మెరుపు గుర్తో, బ్యాటరీ బొమ్మో మాత్రమే ఉంటే అది బహుశా ఛార్జింగ్‌కే. అలాగే స్టీరింగ్ మీద ఫోన్ బటన్ ఉన్నా బ్లూటూత్‌లో పాటలు వస్తాయని హామీ లేదు. కొన్ని పాత కార్లు కాల్స్ మాత్రమే తీసుకుంటాయి.

నా దృష్టిలో ఎంచుకోవాల్సిన వరస ఇది. ఫోన్ యాప్‌లని కారు స్క్రీన్ మీద చూపించే కార్‌ప్లే (ఐఫోన్‌కి) లేదా ఆండ్రాయిడ్ ఆటో ఉంటే అది. లేకపోతే ఆక్స్ లేదా యూఎస్‌బీ. ఆ తర్వాత బ్లూటూత్. ఇవేవీ లేని పాత స్టీరియోలో క్యాసెట్ అరుంటే క్యాసెట్ అడాప్టర్. అదీ లేకపోతేనే, ఫోన్‌లోని పాటని కారు రేడియో పట్టుకునేలా ప్రసారం చేసే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్. బ్లూటూత్‌ని వైరు తర్వాత పెట్టడం కొందరికి నచ్చకపోవచ్చు. కానీ తీగతో వచ్చే సౌండ్‌లో డిస్కనెక్ట్ అవడం, ఆలస్యంగా రావడం, మళ్లీ కుదించడం లాంటి తలనొప్పులు ఉండవు.

ఆక్స్: సులువైన దారి, కానీ వాల్యూమ్ దగ్గర అందరూ తప్పుతారు

కావాల్సింది రెండు చివర్లా 3.5 మి.మీ. పిన్ ఉన్న స్టీరియో వైరు. పిన్ మీద నల్లటి గీతలు లెక్కపెట్టండి. రెండు గీతలుంటే అది మామూలు స్టీరియో పిన్, ఆక్స్‌కి సరిగ్గా అదే కావాలి. మూడు గీతలుంటే మైక్ కోసం అదనపు భాగం ఉన్న హెడ్‌సెట్ పిన్. అది కూడా చాలాసార్లు పనిచేస్తుంది కానీ కొన్ని సాకెట్లలో సరిగ్గా కూర్చోదు. గుర్తు పట్టడానికి ఒక మంచి ఉపాయం ఉంది. వాయిద్యాలు బోలుగా వినిపిస్తూ గాయకుడి గొంతు మాయమైతే పిన్‌కి గ్రౌండ్ (కుడి, ఎడమ రెండింటికీ ఉమ్మడిగా ఉండే తిరుగు తీగ) తగలడం లేదన్నమాట. అప్పుడు కుడి, ఎడమ ఛానెళ్ల మధ్య తేడా మాత్రమే స్పీకర్లకి చేరుతుంది. గొంతు రెండింటిలోనూ సమానంగా ఉంటుంది కాబట్టి అది రద్దయిపోతుంది. పిన్‌ని గట్టిగా లోపలికి నొక్కండి, ఫోన్ కవర్ అడ్డొస్తుంటే తీసేయండి. అయినా అలాగే ఉంటే వైరు మార్చండి.

ఐఫోన్లలో 2016లో వచ్చిన ఐఫోన్ 7 నుంచి హెడ్‌ఫోన్ రంధ్రం లేదు. ఇప్పటి చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ లేదు. వాటికి ఛార్జింగ్ పోర్టులో పెట్టి ఆక్స్ వైరు తగిలించుకునే చిన్న డాంగిల్ కావాలి. టైప్-సి డాంగిల్స్ రెండు రకాలు. ఒక రకం లోపల తీగలు తప్ప ఏమీ ఉండవు, ఫోనే అనలాగ్ సౌండ్ పంపాలి. రెండో రకంలో డిజిటల్‌ని సౌండ్‌గా మార్చే చిప్ ఉంటుంది, దాన్ని డీఏసీ అంటారు. మొదటి రకం చాలా ఫోన్లలో మూగబోతుంది. చిప్ ఉన్నదే తీసుకోండి, దాదాపు అన్ని టైప్-సి ఫోన్లతో పనిచేస్తుంది.

ఇక వాల్యూమ్. ఇక్కడ రెండు మీటలున్నాయి, ఒకటి ఫోన్‌ది, ఇంకొకటి స్టీరియోది. ఫోన్ తగ్గించి స్టీరియో పెంచితే బలహీనమైన సౌండ్‌తో పాటు వైరులోని చిన్నచిన్న గోలలు కూడా పెద్దవవుతాయి. వెనకాల ఎప్పుడూ సన్నగా "స్‌స్" అని వినిపించేది అదే. ఫోన్‌ని పూర్తిగా పెంచేస్తే కొన్ని స్టీరియోల ఇన్‌పుట్ తట్టుకోలేక డ్రమ్స్ దగ్గర సౌండ్ పగులుతుంది. సరిచేసే పద్ధతి ఇలా:

1. ఫోన్‌లో ఈక్వలైజర్, బాస్ బూస్ట్ లాంటివన్నీ ఆఫ్ చేయండి.
2. రేడియో పెట్టి, మీరు మామూలుగా వినే స్థాయికి స్టీరియో వాల్యూమ్ తెచ్చి అక్కడే ఉంచండి.
3. ఆక్స్‌కి మారి, డ్రమ్స్, గొంతు రెండూ బలంగా ఉన్న పాట పెట్టి, ఫోన్ వాల్యూమ్‌ని కింది నుంచి నెమ్మదిగా పెంచండి.
4. రేడియో అంత బిగ్గరగా వచ్చిన చోట ఆపండి. చాలా ఫోన్లలో అది 80 నుంచి 90 శాతం దగ్గర ఉంటుంది.
5. సౌండ్ పగిలితే ఫోన్‌ది రెండు గీతలు తగ్గించండి. ఇక మీదట ఫోన్‌ని ముట్టుకోకుండా స్టీరియో వాల్యూమ్ ఒక్కటే వాడండి.

ఫోన్‌ని చివరిదాకా పెంచినా సౌండ్ చాలకపోతే స్టీరియో సెట్టింగ్స్‌లో ఆక్స్ లెవెల్ అనో, ఇన్‌పుట్ గెయిన్ అనో ఉంటుంది, దాన్ని ఒక మెట్టు పెంచండి. చిన్న ఎంపీ3 ప్లేయర్లకి ఇది తరచూ అవసరమవుతుంది. పాత ఐపాడ్ ఉంటే హెడ్‌ఫోన్ రంధ్రం వదిలేసి కింద 30 పిన్నుల కనెక్టర్ నుంచి లైన్ అవుట్ వైరు వేయండి. అక్కడ వచ్చే సౌండ్ ఐపాడ్ వాల్యూమ్‌తో సంబంధం లేకుండా స్థిరంగా ఉంటుంది. ఒక జాగ్రత్త: ఆక్స్ కోసం స్టీరియో బాగా పెంచి, అలాగే రేడియోకి మారితే చెవులు అదిరిపోతాయి. పై పద్ధతిలో రెండూ సమానం చేసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో ఈల వినిపిస్తోందా?

ఆక్స్ వాడేవాళ్లని ఎక్కువగా విసిగించేది ఇదే. ఫోన్‌ని కారు సాకెట్‌లో ఛార్జింగ్‌కి పెట్టి అదే సమయంలో ఆక్స్‌లో పాట వింటుంటే ఒక సన్నటి ఈల మొదలవుతుంది. ఇంజిన్ వేగం పెరిగితే ఈల పైకి వెళ్తుంది, తగ్గితే కిందికి దిగుతుంది. స్టీరియో పాడైందని దీన్నే చూసి చాలామంది మార్చేస్తారు. మార్చినా ఈల పోదు.

కారణం ఇది. ఫోన్‌కి గ్రౌండ్ ఇప్పుడు రెండు దారుల్లో కారు బాడీకి కలుస్తోంది. ఒకటి ఛార్జర్ ద్వారా, రెండోది ఆక్స్ వైరు బయటి తొడుగు ద్వారా స్టీరియోకి. కారు బాడీ మొత్తం ఒకే గ్రౌండ్ అని పేరేగానీ, ఆ రెండు చోట్ల మధ్య చాలా చిన్న వోల్టేజ్ తేడా ఉంటుంది. ఆల్టర్నేటర్ తయారుచేసే కరెంటులోని అలలు ఆ తేడాలో కనిపిస్తాయి, వాటి కరెంటు ఆక్స్ తొడుగు గుండా ప్రవహించి పాటతో కలిసిపోతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

పరీక్ష అర నిమిషం పని. ఇంజిన్ ఆన్‌లో ఉండగా, బండి కదలకుండా, ఛార్జర్ పిన్‌ని ఫోన్ నుంచి తీయండి. ఈల ఆగిపోతే గ్రౌండ్ లూపే. దాన్ని తెంచడానికి మూడు దారులున్నాయి. పాట వింటున్నంత సేపు ఛార్జింగ్ పెట్టకపోవడం మొదటిది. సాకెట్‌కి బదులు, కారుకి కలపని పవర్ బ్యాంక్‌తో ఛార్జ్ చేసుకోవడం రెండోది, పవర్ బ్యాంక్ ఇప్పటికే ఉంటే దీనికి ఖర్చు లేదు కాబట్టి నేను ముందు ఇదే చెబుతాను. మూడోది గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బీ. ఆక్స్ వైరుకీ స్టీరియోకీ మధ్యలో పెడతారు. దాని లోపలి రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పాటని అయస్కాంతం ద్వారా దాటిస్తాయి, గ్రౌండ్‌ని మాత్రం కలవనివ్వవు. మరీ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లున్న ఐసోలేటర్‌లో బాస్ పలచబడుతుంది. పెట్టాక బాస్ ఉన్న పాట ఒకటి వినండి, తేడా నచ్చకపోతే మంచి రకం తీసుకోండి.

ఛార్జర్ తీసినా గోల ఆగలేదంటే కథ వేరు. పిన్ దగ్గర వైరు వంచి చూడండి, గరగర వస్తే వైరు లోపల తెగింది. ఆక్స్ వైరు కరెంటు వైర్ల పక్కనుంచి వెళ్తుంటే దూరంగా జరపండి. 2జీ సిగ్నల్ మీద ఉన్న ఫోన్ కాల్ వచ్చే ముందు "డిట్ డిట్ డిట్" అని స్పీకర్లలో కొట్టడం గ్రౌండ్ లూప్ కాదు. ఫోన్ రేడియో తరంగాలు వైరులోకి చొరబడటం అది. ఫోన్‌ని ఒక జానెడు దూరం పెడితే చాలావరకు పోతుంది.

బ్లూటూత్: జత కలపడం కన్నా, జత కలిశాక వచ్చేవే ముఖ్యం

స్టీరియోలో ఫోన్ లేదా బ్లూటూత్ మెనూ తెరిచి కొత్త పరికరం చేర్చే ఎంపిక నొక్కండి. ఫోన్‌లో బ్లూటూత్ పేజీ తెరిచి ఉంచండి, స్టీరియో పేరు వస్తుంది. రెండు స్క్రీన్ల మీద ఒకే ఆరు అంకెల సంఖ్య కనిపిస్తే ఒప్పుకోండి. పాత స్టీరియో కోడ్ అడిగితే 0000 లేదా 1234 ప్రయత్నించండి. కాంటాక్ట్స్ చూడటానికి అనుమతి అడిగినప్పుడు, కారు మీది కాకపోతే వద్దనండి. అద్దె కార్లలో మనుషుల ఫోన్ నంబర్లు మిగిలిపోయేది ఈ ఒక్క నొక్కుతోనే.

జత కలిసింది, కాల్స్ వస్తున్నాయి, పాటలు మాత్రం ఫోన్‌లోనే మోగుతున్నాయి. బ్లూటూత్‌లో కాల్స్‌కి ఒక ప్రొఫైల్ (సౌండ్ పంపే పద్ధతి), పాటలకి ఇంకో ప్రొఫైల్ ఉంటాయి. కాల్స్‌ది హెచ్ఎఫ్‌పీ, పాటలది ఏ2డీపీ. ఫోన్‌లో ఆ కారు పేరు పక్కనున్న సెట్టింగ్స్ గుర్తు నొక్కి మీడియా ఆడియో ఆన్‌లో ఉందా చూడండి. అసలు ఆ ఎంపికే లేకపోతే ఆ స్టీరియోకి పాటల ప్రొఫైల్ లేదన్నమాట. ఎంత ప్రయత్నించినా రాదు, వేరే దారి చూసుకోవాలి.

పాట ఉన్నట్టుండి పాత ల్యాండ్‌లైన్‌లో వినిపించినట్టు అయిపోతే ఏదో యాప్ మైక్ తెరిచి, బ్లూటూత్‌ని కాల్ ప్రొఫైల్‌కి మార్చిందని అర్థం. ఆ ప్రొఫైల్ మామూలు రకంలో సౌండ్‌ని సెకనుకి 8,000 సార్లు మాత్రమే కొలుస్తుంది. మాటలకి సరిపోతుంది, పాటకి కాదు. ఆ యాప్ మూసేస్తే తిరిగొస్తుంది.

కోడెక్‌ల (బ్లూటూత్‌లో పంపడానికి పాటని కుదించే పద్ధతుల) గురించి జరిగే వాదనల్లో కారులో నిజంగా పనికొచ్చేది తక్కువ. అన్ని పరికరాలకీ తప్పనిసరి ఎస్‌బీసీ. ఐఫోన్లు దానికి తోడు ఏఏసీ వాడతాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆప్ట్‌ఎక్స్, ఎల్‌డాక్ ఉన్నా, స్టీరియో కూడా వాటిని అర్థం చేసుకోవాలి. టైర్ల చప్పుడు మధ్య ఆ తేడా వినగలిగేవాళ్లు కొద్దిమందే. యాప్‌లో పాటల క్వాలిటీని అత్యధికానికి మార్చడం వల్ల వచ్చే తేడా కోడెక్ తేడా కన్నా పెద్దది.

సౌండ్ తక్కువగా వస్తుంటే ఫోన్ మీడియా వాల్యూమ్ విడిగా పెంచి చూడండి. కొన్ని జతల్లో ఫోన్, కారు వాల్యూమ్‌లు కలిసి కదులుతాయి, కొన్నింటిలో విడివిడిగా ఉంటాయి. మాటిమాటికీ కనెక్షన్ తెగుతుంటే రెండు వైపుల నుంచీ జతని తొలగించి మళ్లీ మొదటి నుంచి కలపండి. ఒక్క వైపు తొలగిస్తే రెండోది పాత తాళంచెవినే పట్టుకుని కూర్చుంటుంది. స్టీరియోలో జత చేసిన ఫోన్ల జాబితా నిండిపోయినా కొత్త ఫోన్ చేరదు, పాతవి తీసేయండి.

స్టీరియోకి బ్లూటూత్ లేదు కానీ ఆక్స్ ఉంటే, ఆక్స్‌లో పెట్టే బ్లూటూత్ రిసీవర్ మంచి మధ్యేమార్గం. దాన్ని కారు యూఎస్‌బీ కరెంటుతో నడిపితే పైన చెప్పిన ఈలే మళ్లీ రావచ్చు. లోపల బ్యాటరీ ఉన్న రకం తీసుకోండి.

యూఎస్‌బీ డ్రైవ్‌లో పాటలు

సిగ్నల్, డేటా, ఫోన్ బ్యాటరీ గొడవ లేకుండా హాయిగా పాటలు పాడేది ఇదే. స్టీరియో డ్రైవ్‌ని గుర్తించకపోతే చాలాసార్లు కారణం ఫార్మాట్ తేడా. చాలా కారు స్టీరియోలు ఫ్యాట్32 మాత్రమే చదువుతాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ పెడితే మౌనంగా ఉండిపోతాయి. 32 జీబీ లేదా అంతకన్నా చిన్న డ్రైవ్ తీసుకుంటే పని సులువు. ఫార్మాట్ చేస్తే డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, ముందే కాపీ తీసుకోండి.

పాటల్ని ఎంపీ3 రూపంలో ఉంచండి, అన్ని చోట్లా పాడుతుంది. ఫ్లాక్ (నాణ్యత తగ్గించకుండా కుదించిన ఫైల్ రకం) పాడుతుందో లేదో ఒక్క ఫైల్ వేసి చూసుకున్నాకే మొత్తం వేయండి. ఫోల్డర్ లోపల ఫోల్డర్, దాని లోపల ఇంకోటి పెట్టుకుంటూ పోవద్దు. కొన్ని స్టీరియోలు పేరు వరసలో కాకుండా డ్రైవ్‌లోకి కాపీ అయిన వరసలో పాడతాయి. అందుకని పేర్ల ముందు 01, 02 అని పెట్టి, ఆ వరసలోనే కాపీ చేయండి. ఫైల్ పేర్లు తెలుగు లిపిలో ఉంటే చాలా స్టీరియోల స్క్రీన్ మీద ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. పాట మాత్రం పాడుతుంది. మ్యాక్ నుంచి కాపీ చేస్తే చుక్క, గీతతో మొదలయ్యే దాగిన ఫైళ్లు చేరతాయి, కొన్ని స్టీరియోలు వాటినీ పాడాలని చూసి ఎర్రర్ చూపిస్తాయి. వాటిని తొలగించాలి.

ఆండ్రాయిడ్ ఫోన్‌ని నేరుగా యూఎస్‌బీకి కలిపితే డ్రైవ్‌లా కనిపించదు, ఇప్పటి ఫోన్లు ఎంటీపీ అనే వేరే పద్ధతి వాడతాయి. చాలా స్టీరియోలకి అది తెలియదు. ఫోన్‌దీ స్టీరియోదీ తప్పు కాదు, రెండూ వేర్వేరు భాషలు మాట్లాడుతున్నాయి.

కార్‌ప్లే 2014లో, ఆండ్రాయిడ్ ఆటో 2015లో వచ్చాయి. స్టీరియోలో ఇవి ఉండి ఫోన్ కలపగానే ఛార్జింగ్ మాత్రమే మొదలైతే ముందు కేబుల్‌ని అనుమానించండి. కొన్ని కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. మీటరు లోపు పొడవున్న, ఫోన్‌తో పాటు వచ్చిన కేబుల్ వాడితే చాలా సమస్యలు అక్కడే తీరతాయి. వైర్‌లెస్ కార్‌ప్లేలో పరిచయం మాత్రమే బ్లూటూత్‌లో జరుగుతుంది, పాట వై-ఫై మీద వస్తుంది. అందుకే మామూలు బ్లూటూత్ కన్నా శుభ్రంగా ఉంటుంది. ఫోన్‌లో వై-ఫై ఆఫ్ చేసి ఇది పనిచేయడం లేదనుకోవద్దు.

క్యాసెట్ అర, రేడియో తప్ప ఇంకేమీ లేకపోతే

క్యాసెట్ అడాప్టర్‌ని తక్కువగా చూడకండి. ప్లేయర్ హెడ్ శుభ్రంగా ఉంటే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కన్నా ఇదే బాగుంటుంది. టేపు ఉండాల్సిన చోట ఇందులో చిన్న అయస్కాంత హెడ్ ఉంటుంది. అది ప్లేయర్ హెడ్‌కి ఎదురుగా నిలబడి పాటని నేరుగా అందిస్తుంది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో ప్లేయర్ హెడ్ తుడిచి ఆరనివ్వండి. ఆటో రివర్స్ ప్లేయర్ మాటిమాటికీ వైపు మార్చుకుంటున్నా, అడాప్టర్‌ని బయటికి నెడుతున్నా, టేపు అయిపోయిందని అది పొరపడుతోంది. ప్లే దిశ మార్చి చూడండి. వైరు బయటికి వచ్చే వైపు మూత మీద పడి నలగకుండా సర్దండి.

ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ విషయంలో కష్టమంతా ఖాళీ స్టేషన్ వెతకడంలోనే ఉంది. ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేసి, రేడియోలో ఒక స్టేషనూ లేని, మాటల ఛాయ కూడా లేని చోటు వెతకండి. దానికి రెండు పక్కలా 0.2 మెగాహెర్ట్జ్ దూరంలో కూడా గట్టి స్టేషన్ లేకపోతే మరీ మంచిది. ఆ అంకె ట్రాన్స్‌మిటర్‌లో పెట్టండి. రేడియోలో ఆటోమేటిక్‌గా ఫ్రీక్వెన్సీ మార్చే ఏఎఫ్, ట్రాఫిక్ వార్తలకి మారే టీఏ రెండూ ఆఫ్ చేయండి, లేకపోతే పాట మధ్యలో వేరే స్టేషన్‌కి దూకుతుంది. దూర ప్రయాణంలో ఖాళీ స్టేషన్ మారుతూ ఉంటుంది కాబట్టి రెండు మూడు అంకెలు ముందే రేడియోలో సేవ్ చేసి పెట్టుకోండి. ఎంత బాగా పెట్టినా ఎఫ్ఎం ప్రసారంలో 15 కిలోహెర్ట్జ్ పైన సౌండ్ ఉండదు, కొంత మెరుపు తగ్గుతుంది.

చివరికి స్టీరియోనే మార్చాలనుకుంటే

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. పాత స్టీరియోల్లో కొన్ని కరెంటు పోయాక సెక్యూరిటీ కోడ్ అడుగుతాయి, ఆ కోడ్ చేతిలో లేకుండా విప్పకండి. ముఖం కొలవండి. సుమారు 180 × 50 మి.మీ. ఉంటే సింగిల్ డిన్, 180 × 100 ఉంటే డబుల్ డిన్. స్టీరియోతో ఏసీ మీటలు, కారు సెట్టింగ్స్ కలిసిపోయి ఉన్న బండ్లలో ఈ పని సొంతంగా మొదలుపెట్టవద్దు.

బయట కొనే స్టీరియోల్లో సాధారణంగా పసుపు తీగ ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు కీ తిప్పితే వచ్చేది, నలుపు గ్రౌండ్. కారు వైపు తీగల రంగులు వేరుగా ఉండవచ్చు, మల్టీమీటర్‌తో కొలిచాకే కలపండి (కొలిచేటప్పుడు మాత్రం బ్యాటరీ వైరు పెట్టి ఉండాలి, తీగలు కలిపేటప్పుడు మళ్లీ విప్పాలి). కారు ప్లగ్గుకీ కొత్త స్టీరియోకీ మధ్య పెట్టే, మీ కారు మోడల్‌కి సరిపోయే హార్నెస్ అడాప్టర్ దొరికితే ఫ్యాక్టరీ తీగలు ఒక్కటి కూడా కత్తిరించాల్సిన పని లేదు, దయచేసి కత్తిరించకండి. కీ తీసిన ప్రతిసారీ గడియారం, సేవ్ చేసిన స్టేషన్లు పోతుంటే పసుపు, ఎరుపు తారుమారయ్యాయి. రేడియో సిగ్నల్ బలహీనపడితే యాంటెన్నాకి కరెంటిచ్చే నీలం తీగ కలపలేదేమో చూడండి. స్పీకర్ల మైనస్ తీగల్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కారు బాడీకి కలపవద్దు, లోపలి ఆంప్లిఫయర్ పాడవుతుంది.

అన్నీ కలిపాక, బ్యాటరీ వైరు మళ్లీ పెట్టి, డాష్‌బోర్డులో బిగించే ముందే ఆన్ చేసి, బ్యాలెన్స్ (కుడి, ఎడమ), ఫేడర్ (ముందు, వెనక) సెట్టింగ్‌లతో ఒక్కో స్పీకర్ విడిగా పలుకుతోందా చూడండి. తర్వాత బ్యాలెన్స్ మధ్యలో పెట్టి బాస్ ఉన్న పాట వినండి. మధ్యలో ఉన్నప్పుడు బాస్ పలచగా ఉండి, ఒక పక్కకి తిప్పగానే నిండుగా అయితే ఏదో ఒక స్పీకర్ ప్లస్, మైనస్ తీగలు తిరగబడ్డాయి. ఆ రెండూ మార్చి, మళ్లీ విని, అప్పుడు బిగించండి.